తొండ గూటి మీద నేను పాతిన పుల్ల

ముప్పై ఏళ్ళకు పైగా తొండలను చూసి జీతం తీసుకున్నాను. పెళ్ళిళ్ళలో ఈ మాట చెబితే ఎదుటివాళ్ళు నవ్వేసి, "అది సరే, అసలు ఏం ఉద్యోగం చేసేవారు?" అని మళ్ళీ అడుగుతారు. అసలు ఉద్యోగం అదే. తొండ ఎప్పుడు రాయెక్కింది, ఎప్పుడు దిగింది, దేన్ని చూసి తల ఊపింది, గుడ్లు ఎక్కడ పెట్టింది అని ఎండలో కూర్చొని రాసుకోవడం.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కొందరు నా దగ్గరికి వచ్చి ఏ పుస్తకాలు చదవాలని అడుగుతున్నారు. పుస్తకాల జాబితా ఎవరైనా ఇస్తారు. పదోన్నతులు, కమిటీలు, దస్త్రాల సంగతి నేను రాయను. అవి నాకే సరిగా గుర్తులేవు. నాకు పని నేర్పినవి కొన్ని తప్పులు. వాటిలో అన్నిటికంటే పెద్దది నారాయణఖేడ్‌లో చేశాను. ఎక్కువగా దాని గురించే రాస్తాను.

సంచిలో ఉండేవి

ఎనభైల మొదట్లో, జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తయిన ఏడాదికి, హైదరాబాదులో ఒక ప్రొఫెసర్ దగ్గర పరిశోధక సహాయకుడిగా చేరాను. వాన మీద బతికే చేలల్లో తొండలు ఎలా బతుకుతున్నాయన్నది ఆయన ఎంచుకున్న ప్రశ్న. మూడేళ్ళ పని. ఏ ఏటికి ఆ ఏడు ఆయన సంతకం పెడితేనే నా ఉద్యోగం కొనసాగుతుంది. నన్ను నారాయణఖేడ్ పంపించారు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. నేను జాబితాల మనిషిని. సంచిలో ఏముండాలో ఒక అట్ట మీద రాసి, రోజూ పొద్దున దాన్ని చూసి సర్దుకొనేవాణ్ణి. సన్న థర్మామీటర్లు రెండు, ఒకటి పగిలితే మరొకటి. కొలత టేపు. బైనాక్యులర్స్. పెన్సిళ్ళు నాలుగు, ఎందుకంటే వానలో పెన్ను రాయదు. గట్టి అట్టల పుస్తకం. తొండను పట్టడానికి చివర దారపు ఉచ్చు కట్టిన పొడుగాటి వెదురు బద్ద. ఉచ్చును మెల్లగా తల మీదికి జార్చి పైకి లాగాలి. తొండ మనిషిని చూసి పారిపోతుంది కానీ, తల ముందు ఆడే దారాన్ని చూసి పారిపోదు. చాలాసార్లు దాన్ని తినొచ్చేమో అన్నట్టు చూస్తుంది.

బస్టాండు పక్క సందులో ఖాజా మియా సైకిల్ దుకాణం. దాని వెనక గదిలో ఉండేవాణ్ణి. సైకిలూ ఆయనదే. మొదటి రోజు నా వెదురు బద్దను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గాలం లెక్కుంది. చేపలకా సాబ్?"

"కాదు భాయ్, తొండలకు."

"తొండలకా! హైదరాబాద్ నుంచి గీడిదాంక తొండల కోసమొచ్చినవా? ఆడ లేవా తొండలు?"

"ఉన్నాయి. చేలల్లో ఉండేవి కావాలి."

"మంచిది. పట్టినంక ఏం జేస్తవ్?"

"జ్వరం చూసినట్టు చూసి వదిలేస్తాను."

ఆయన వెదురు బద్దను గోడకు ఆనించాడు. తర్వాత దుకాణం ముందు కూర్చున్నవాళ్ళ వైపు తిరిగి, "తొండల దవాఖాన వచ్చిందిరో మన ఊరికి" అన్నాడు. వారం తిరక్కుండా కల్హేర్ రోడ్డు పొడుగునా నేను తొండల సారునైపోయాను.

చెయ్యి వేడి

చిన్న తప్పు ముందు చెబుతాను. తొండకు ఒంటి వేడి మనకున్నట్టు లోపలి నుంచి రాదు. ఎండ నుంచి, వేడెక్కిన రాయి నుంచి తెచ్చుకుంటుంది. పొద్దున్నే చూస్తే ఒళ్ళు నల్లగా చేసుకొని, పక్కలు పరిచి ఎండకు అడ్డంగా పడుకొని ఉంటుంది. నల్లటి ఒళ్ళు ఎండను బాగా తాగుతుంది. వేడెక్కేకొద్దీ రంగు తేలుతుంది. మధ్యాహ్నానికి నీడకు చేరుతుంది, లేదా కాళ్ళ మీద లేచి వేడి రాయికి పొట్ట తగలకుండా నిలబడుతుంది. పట్టుకొని థర్మామీటర్ పెడితే ఇదంతా అంకెల్లో కనపడాలి.

నా అంకెల్లో కనపడలేదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అన్నీ దాదాపు ఒకటే. తొండ వేడిని గొప్పగా అదుపు చేసుకుంటోందని సంబరంగా ప్రొఫెసర్‌కు ఉత్తరం రాశాను. ఒక్క వాక్యం జవాబు వచ్చింది: "చేతిలో ఎంతసేపు పట్టుకుంటున్నావు?"

సంచిలోంచి థర్మామీటర్ తీసి, తుడిచి, గడియారం చూసుకొనేలోపు తొండ నా అరచేతి వేడికి వచ్చేస్తోంది. నేను కొలిచింది నన్నే. నెల రోజుల అంకెలు కొట్టేశాను.

ప్రొఫెసర్ గురించి మంచి ఇక్కడే చెప్పాలి. ఆయన అరవలేదు. ఎక్కడ తప్పు జరుగుతుందో హైదరాబాదులో కూర్చొనే కనిపెట్టేవాడు. చెడు కూడా చెప్పాలి. తనకు నచ్చిన ఫలితం వస్తే మాత్రం ఆ చూపు పనిచేసేది కాదు. అది నాకు తర్వాతి ఏడు తెలిసింది.

నంబరు పుల్లలు

మొదటి వానలు పడి నేల మెత్తబడ్డాక ఆడ తొండలు గుడ్లు పెడతాయి. ఒక ఆడ తొండ చోటు వెతుక్కొని, ముందు కాళ్ళతో జానెడు లోపు గుంట తవ్వి, తోక లోపలికి పెట్టి పది పన్నెండు గుడ్లు పెడుతుంది. తర్వాత మట్టి పూడ్చి, మూతితో మళ్ళీ మళ్ళీ కొట్టి చదును చేసి, చెత్త లాగి కప్పుతుంది. ఎదురుగా కూర్చొని చూసిన నాకే పది నిమిషాలు తల తిప్పుకుంటే చోటు దొరికేది కాదు.

అందుకని గుర్తులు పెట్టాను. నడుమెత్తు వెదురు పుల్ల, చివర తెల్ల రంగు, దానికి నంబరు వేసిన రేకు ముక్క. రేకులు ఖాజా మియా పాత నూనె డబ్బాల్లోంచి కత్తిరించి ఇచ్చాడు. గూడు కనపడగానే పుల్ల పాతడం, పుస్తకంలో నంబరు, తేదీ, లోతు, నేల రకం రాయడం, రోజూ వెళ్ళి చూడటం. ఎంత శుభ్రంగా చేశానంటే, ఆ పుస్తకాన్ని ప్రొఫెసర్ మిగతా విద్యార్థులకు చూపించేవాడు.

ఈ పని ఎక్కువగా సాయమ్మ చెలకలో జరిగింది. కల్హేర్ రోడ్డు మీద, గెట్లనే పొలం గట్ల వెంబడి రాళ్ళు పేర్చిన ఎర్రనేల మెట్ట చేను. జొన్న, మధ్యలో కంది సాళ్ళు, ఓ మూల పెసర. సాయమ్మకు నలభై దాటి ఉంటాయి. భర్త సిర్గాపూర్ వాళ్ళతో కలిసి హైదరాబాదుకు కూలికి వెళ్ళేవాడు. చెలక, రెండు మేకలు ఆమె చూసుకొనేది. నన్ను రావద్దని ఎప్పుడూ అనలేదు. జొన్న తొక్కొద్దని మాత్రం రోజూ అనేది.

ఆ ఏడు గూళ్ళన్నీ పోయాయి. అన్నీ అంటే ఏవో రెండు మూడు తప్ప. పొద్దున వెళ్తే పుల్ల నిలబడి ఉండేది, కింద గుంట, చుట్టూ చిరిగిన గుడ్ల పొరలు. ఇరవై ఏడో గూడు పెట్టిన సాయంత్రమే పోయింది. అది పెట్టిన తొండ నాకు బాగా తెలుసు, తోక చివర తెగి ఉండేది. నాలుగు గంటలు చూసి రాసుకున్న గూడు అది.

ప్రొఫెసర్‌కు ఇది పెద్ద ఫలితం అనిపించింది. ఇంత నాశనం ఎక్కడా రాయలేదన్నాడు. చలికాలంలో వ్యాసం తయారైంది. ఊరి మనుషులు, మేకలు, కుక్కలు చేలల్లో తిరగడం వల్ల గూళ్ళు నిలవడం లేదని అందులో ముగింపు. ఎవరు తవ్వారో నేను ఒక్కసారీ కళ్ళతో చూడలేదు. చూడలేదని చెప్పనూ లేదు. ఆయన పేరు కింద నా పేరు ఉంది. వేసవిలో వ్యాసాన్ని ఒక పత్రికకు పంపాడు.

సాయమ్మ అడిగిన మాట

రెండో ఏడు తొలకరికి మళ్ళీ అవే నంబరు పుల్లలు పట్టుకొని వెళ్ళాను. సాయమ్మ పెసరలో కలుపు తీస్తోంది.

"మళ్ళ తెచ్చినవా సారు పుల్లలు? పోయినేడు రాసుకున్నదంత ఏమాయె?"

"ఇంగ్లీషులో రాసి పంపాం అక్కా. పత్రికలో వస్తుంది."

"నా చెల్క గురించి గూడ ఉన్నదా?"

"ఉంది."

"ఏమున్నది?"

దాచడం చేతకాలేదు. మనుషులూ మేకలూ తిరగడం వల్ల తొండ గూళ్ళు పాడైపోతున్నాయని రాశామని చెప్పాను.

ఆమె కొడవలి కింద పెట్టింది.

"నా మేకలా? నా మేకలు తొండ గుడ్లు తింటయా?"

"తినవు. తొక్కుతాయని..."

"తొక్కితే గుంటలు పడతయా? సదువుకున్నోనివి, జర సోయి ఉండాలె. గా ముంగిస నీ ఎన్కనే తిరుగుతది గదా. నువ్వు పుల్ల గుచ్చి పోవుడు, అది వచ్చి తవ్వుడు. పోయినేడు వానకాలమంత గదే పని."

"నువ్వు చూశావా?"

"రోజు జూసిన."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడిగినవా? వచ్చుడు, రాసుకునుడు, పోవుడు. ముంగిసలకే పెడుతున్నవేమో అనుకున్న. సర్కారు పనులు ఎట్లుంటయో ఎవలికెరుక?"

ఆమె కోపం ఇంకా తగ్గలేదు.

"ఆడిది గుడ్లు పెట్టి గంతసేపు మూతి పగిలేటట్టు మన్ను గుద్ది, ఎవలకు కనపడకుంట చేసి పోతది. నువ్వొచ్చి దాని మీద జెండా పాతవడితివి."

తర్వాత తను ఎలా చేస్తుందో చూపించింది. కలుపు తీసేటప్పుడు నేల మీద పిట్ట గూడు కనపడితే ఆ గడ్డి దుబ్బును పీకకుండా వదిలేస్తారు. కానీ ఒక్క దుబ్బే వదలరు. అక్కడక్కడ ఇంకో నాలుగైదు వదులుతారు. "ఒక్కటే ఉంటే కాకి గుర్తు పడతది. పది తావుల ఉంటే దానికి పరేషాన్" అంది. మరి ఏ దుబ్బులో గూడుందో మీకెలా గుర్తుంటుందని అడిగాను. గెట్టు వైపు చెయ్యి చూపింది. "గా పెద్దరాయి నుంచి ఏడో రాయి. ఆన్నుంచి లోపలికి పన్నెండు అడుగులు. గంతే."

చెలకంతా ఆమె తలలో రాళ్ళ లెక్కన ఉంది. నాకు మాత్రం పుల్ల కావాల్సి వచ్చింది.

ఖాళీ పుల్లలు

ఆమె మాటను నమ్మాను. కానీ నమ్మడం వేరు, ప్రొఫెసర్ ముందు నిలబెట్టడం వేరు. వ్యాసం ఆయన చేతిలోంచి వెళ్ళిపోయింది. వచ్చే జనవరిలో నా ఉద్యోగం కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. ఊరుకుంటే ఏ ఇబ్బందీ లేదు. సాయమ్మ ఆ పత్రిక ఎప్పటికీ చూడదు. రెండు రోజులు చేనుకు పోకుండా గదిలో కూర్చున్నాను.

మూడో రోజు ఖాజా మియా తలుపు తట్టాడు. "జ్వరమొచ్చిందా సాబ్? తొండ దగ్గర అంటుకున్నదా?" అని నవ్వి, నా మొహం చూసి ఆపేశాడు. సంగతి చెప్పాను. ఆయన చేతిలో ఉన్న ట్యూబుకు ఆకురాయి రాస్తూనే అన్నాడు.

"ఇందుల అంత సోంచాయించేది ఏమున్నది? గిరాకీ బోర్డు జూసి వస్తుండా, సరుకు జూసి వస్తుండా, గిదే గదా నీ ఫికర్. సరుకు లేనికాడ బోర్డు పెట్టు. బోర్డు లేనికాడ సరుకు పెట్టు. తెలుస్తది."

నాకు ఎమ్మెస్సీలో రెండేళ్ళు నేర్పిన విషయాన్ని ఆయన ఒక పంక్చరు వేసేలోపు చెప్పాడు.

అలాగే చేశాను. కొన్ని గూళ్ళకు ఎప్పటిలాగే పుల్లలు. గూడు లేని చోట నేల కొంచెం గీకి, పూడ్చి, ఖాళీ పుల్లలు. మిగతా గూళ్ళకు పుల్ల లేదు. పుస్తకంలో రాయి లెక్క, అడుగుల లెక్క మాత్రమే. వాటిని చూడటానికి ఎలా వెళ్ళాలో కూడా సాయమ్మే నేర్పింది. "తిన్నగ పోకు. పక్కపొంటి నడుసుకుంట పో. ఆడ ఆగకు, వంగకు. నువ్వు వంగితే గది జూస్తది."

పుల్లలున్న గూళ్ళు పోయాయి. ఖాళీ పుల్లల కింద కూడా గుంటలు పడ్డాయి. పుల్లలు లేని గూళ్ళలో చాలావాటిని ఎవరూ ముట్టుకోలేదు.

అంతా రాసి ప్రొఫెసర్‌కు పంపాను. కారణాలు ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేశాను. మూడో కారణం కింద, మనం రాసిన మనుషుల అలజడి నిజమేననీ, ఆ మనుషులం మనమేననీ రాశాను. ఆ వాక్యాన్ని నాలుగుసార్లు కొట్టేసి ఐదోసారి ఉంచేశాను.

ప్రొఫెసర్ వచ్చిన రోజు

జవాబు రాలేదు. పది రోజుల తర్వాత పొద్దున బస్సులో ఆయనే దిగాడు. ఖాజా మియా దుకాణంలో టీ తాగి, చెలకకు దారి చూపమన్నాడు. చెలక దగ్గర సాయమ్మ ఆయన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"గీనేనా నీ పెద్దసారు?"

"అవును అక్కా."

"కూసో సారు గా కంది సాలెన్క. చప్పుడు జెయ్యకు. దగ్గకు."

ఆయనకు అలా చెప్పినవాళ్ళు అంతవరకు ఎవరూ లేరనుకుంటాను. కూర్చున్నాడు. నేను వాళ్ళిద్దరూ చూస్తుండగా వెళ్ళి, వంగి, ఉత్త నేల మీద పుల్ల పాతి, పుస్తకంలో రాస్తున్నట్టు నిలబడి, తిరిగి వచ్చాను.

గంటకు పైగా పట్టింది. గెట్టు రాళ్ళ సందులోంచి ముంగిస వచ్చింది. ఒకసారి నిలబడి చూసింది. తర్వాత తిన్నగా పుల్ల దగ్గరికి వెళ్ళి తవ్వింది. ఏమీ దొరకలేదు. తల ఎత్తి, ఇరవై అడుగుల అవతల ఉన్న ఇంకో పుల్లను చూసి అక్కడికి వెళ్ళింది.

ప్రొఫెసర్ బైనాక్యులర్స్ దించలేదు. సాయమ్మ గుసగుసగా అంది:

"దానికి గూడ జీతమిస్తున్నరా సారు? మీకంటె మంచిగ చేస్తుంది పని."

ఆయన భుజాలు కదిలాయి. కోపమేమో అనుకున్నాను. నవ్వు. కానీ బైనాక్యులర్స్ దించాక మొహంలో నవ్వు లేదు.

"వ్యాసం అచ్చుకు తీసుకున్నారయ్యా. మొన్ననే ఉత్తరం వచ్చింది" అన్నాడు.

నేను పుస్తకం మూశాను.

"ఈమె మేకలు ఎన్ని?"

"రెండు సార్."

"రెండు" అని ఆయన తనలో తాను అనుకున్నాడు. లేచి సాయమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, మేము తప్పు రాశాం. వెనక్కి తీసుకుంటాం."

"తీస్కోండ్రి. జొన్న తొక్కకుంట పోండ్రి" అంది ఆమె.

మధ్యాహ్నం ఖాజా మియా దుకాణంలో, సైకిల్ చైన్లు పక్కకు జరిపి, బల్ల మీద ఉత్తరం రాశాడు. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామనీ, గూళ్ళను పాడుచేసింది మేము పెట్టిన గుర్తులేననీ. కాగితం నా వైపు తోశాడు.

"ముందు నువ్వు పెట్టు సంతకం. పుల్లలు పాతింది నువ్వు."

పెట్టాను. దాని కింద తను పెట్టాడు. జనవరిలో నా ఉద్యోగం కాగితం మీద కూడా పెట్టాడు. కానీ ఆ తర్వాత నా పుస్తకాన్ని ఎవరికీ చూపించలేదు. సమావేశాలకు నన్ను వెంట తీసుకెళ్ళలేదు. ఆయన సరైన పని చేశాడు, నా వల్ల చేయాల్సి వచ్చినందుకు నన్ను క్షమించలేదు. రెండూ నిజం. అలాంటి పెద్దలు మీకూ తగులుతారు. వాళ్ళ దగ్గరే పని నేర్చుకోండి. మెప్పు మాత్రం వేరేచోట వెతుక్కోండి.

పుల్లలు ఏమయ్యాయి

ఆయన బస్సెక్కిన మర్నాడు చెలకలో ఉన్న పుల్లలన్నీ పీకేశాను. ఎక్కడైనా పడేద్దామని కట్ట కడుతుంటే సాయమ్మ అడిగింది.

"పారేస్తవా? ఇటియ్యి. కాకర తీగలకు పనికొస్తయి."

గుడిసె పక్కన వరసగా గుచ్చింది. రేకులు తియ్యలేదు. వానలు ముదిరేసరికి తీగలు అల్లుకున్నాయి. కాయలు ఇచ్చేటప్పుడు కూడా వేళాకోళం వదిలేది కాదు. "గీ రెండు పద్నాలుగో నంబరియి సారు. గీ లావుది ముప్పై ఒకటిది. రాసుకో."

సాయమ్మ పిట్ట గూటికి చెప్పిన ఆ ఏడో రాయి దగ్గరే, లోపలికి పన్నెండు అడుగుల్లో, ఆ ఏడు తోక తెగిన ఆడ తొండ మళ్ళీ గుడ్లు పెట్టింది. పుల్ల లేదు. నెలన్నర పాటు పక్క నుంచి నడుస్తూ, ఆగకుండా, వంగకుండా చూశాను. ఒక పొద్దున అక్కడ నేల పగిలి, వేలు పట్టేంత కన్నం కనిపించింది. గుంట కాదు, లోపలి నుంచి పైకి వచ్చిన కన్నం. ఆ రోజు జాబితా ప్రకారం చేయాల్సిన పనులు ఏవీ చేయలేదు.

గుడిసె దగ్గరికి వెళ్తే సాయమ్మ గడప మీద కూర్చొని ఉంది. చెయ్యి చూపలేదు. గడ్డంతో కాకర తీగల వైపు సైగ చేసింది. ఇరవై ఏడో నంబరు రేకు ఎండకు వెచ్చబడి ఉంది. దాని మీద వేలంత పిల్ల తొండ, ఒళ్ళు నల్లగా చేసుకొని, పక్కలు పరిచి ఎండ కాచుకుంటోంది.

సంచిలోంచి పుస్తకం, పెన్సిల్ తీశాను.

"రాసుకో సారు, రాసుకో" అంది సాయమ్మ. "పుల్ల మాత్రం గుచ్చకు."